చెయ్యెత్తినవాడి కూతురు

ఫోస్కా నెంచీని కప్ప ఈతలో నాలుగుసార్లు ఇటలీ ఛాంపియన్. మధ్యధరా దేశాల పోటీల్లో వెండి పతకం కూడా తెచ్చింది. అయినా లివోర్నోలో ఎవర్నైనా ఆపి ఫోస్కా ఎవరని అడిగి చూడండి, పతకాల ఊసే ఎత్తరు. "చెయ్యెత్తినవాడి కూతురు కదూ?" అంటారు. మా ఊరి నోరు అలాంటిది. మంచిమాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. వెక్కిరింపు దొరికిందంటే మాత్రం మూడు తరాలు భద్రంగా దాచుకుంటుంది.

ఆవిడ అరవై నాలుగులో కాలవల పేటలో పుట్టింది. తండ్రి దుయీలియో రేవులో కాఫీ బస్తాలు మోసే కూలీ. తల్లి ఆర్జీయా పేట మొగలో సెనగరొట్టె కాల్చే దుకాణంలో పనిచేసేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రేవుదాకా వినబడేది. ఆర్జీయాకి జీవితంలో రెండే సిద్ధాంతాలు. తిన్నాక మూడు గంటలదాకా నీళ్ళలో దిగకూడదు, దిగితే తిండి కడుపులో గడ్డకట్టి మనిషి రాయిలా మునిగిపోతాడు. తడితలతో గాలికి తిరగకూడదు, తిరిగితే మెడ పట్టేస్తుంది. ఈ దేశంలో తల్లులందరివీ ఇవే సిద్ధాంతాలు. కాని ఆర్జీయా వంటింటి గడియారాన్ని తెచ్చి కిటికీలో పెట్టుకుని మరీ కాపలా కాసేది.

ఫోస్కా దీనికి విరుగుడు కనిపెట్టింది. వేసవి సెలవుల్లో పగలు తినడమే మానేసింది.

"ఒక్క ముక్కన్నా తినవే, పుల్లలా అయిపోతున్నావు!" అని మొత్తుకునేది తల్లి.

"పుల్లలే కదమ్మా తేలేది," అని మెట్ల మీంచే దూకి పారిపోయేది పిల్ల.

పేట పిల్లలకి ఆట ఒకటే. వంతెన మీంచి కాలవలోకి దూకడం, ఎదురుగోడకి పడవలు కట్టడానికి బిగించిన ఇనపకడియం దాకా ఈదడం. కడియం ముందు ఎవరి చేతికి దొరికితే వాళ్ళు గెలిచినట్టు. చిన్న కడియం, ఒక్క చెయ్యే పడుతుంది. ఫోస్కాకి ఆరేళ్ళకే ఆ విద్య ఒంటబట్టింది. చివరి మూరెడు దూరంలో ఒళ్ళంతా పక్కకి తిప్పి కుడిచెయ్యి ముందుకి విసిరేది. తనకన్నా నాలుగేళ్ళు పెద్ద మగపిల్లలు కూడా వట్టిచేతులతో మిగిలేవాళ్ళు.

మునిసిపల్ కొలనులో ఈత నేర్పే కొర్రాదో బలెస్త్రీ మాస్టారు ఒకనాడు వంతెన మీద సిగరెట్టు కాలుస్తూ ఇదంతా చూశాడు. మర్నాడు సెనగరొట్టె దుకాణానికి వచ్చి, రొట్టె అడక్కుండా కూతుర్ని అడిగాడు.

"నీ పిల్లని నాకిస్తావా ఆర్జీయా? కప్పకి పుట్టినట్టుంది."

"కప్ప ఎవరు, నేనా మా ఆయనా?" అంది ఆర్జీయా. అని, రొట్టె మధ్యలో మిరియాలు దండిగా చల్లి ఆయన చేతిలో పెట్టింది. ఇచ్చినట్టే లెక్క.

కప్ప ఈతకి ఒక చట్టం ఉంది. మలుపు దగ్గరా, చివరిలోనూ గోడని రెండు చేతులూ ఒక్కసారే తాకాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా అయిందా, గట్టుమీద జడ్జి చెయ్యెత్తుతాడు, పోటీలోంచి తప్పిస్తారు, ఎంత ముందొచ్చినా వచ్చినట్టు కాదు. మిగతా పిల్లలకి ఇది రెండు రోజుల్లో అబ్బింది. ఫోస్కాకి రెండేళ్ళు పట్టింది. గోడ కనబడగానే ఆమె కుడిచేతికి కడియం గుర్తొచ్చేది. మొదటి ఏడాది అయిదు పోటీల్లో గెలిచి అయిదింట్లోనూ తప్పించబడింది. మాస్టారు గట్టుమీద ఆమె వెంటే పరిగెడుతూ "రెండు! రెండు!" అని గొంతు చించుకునేవాడు. ఒంటిచెయ్యి తాకినప్పుడల్లా లేన్ల తాళ్ళన్నీ ఒక్కతే చుట్టాలని శిక్ష వేశాడు. పదమూడో ఏటికి ఆ అలవాటు పోయింది. పోయిందనే అందరూ అనుకున్నారు.

డెబ్భై ఏడులో దుయీలియో కాలు మీద బస్తాల దొంతర కూలింది. ప్రాణానికేం కాలేదు గాని ఎడంకాలు పొట్టిదయింది. రేవు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఇక ఆదివారాలు ఖాళీయే. కూతురి పోటీలు చూద్దామని గ్యాలరీలో కూర్చుంటే, అంత ఎత్తునించి రబ్బరు టోపీలు తప్ప ఏమీ కనబడేవి కాదు. కొలను గట్టుదాకా రానిచ్చేది ఇద్దర్నే, మాస్టార్లనీ జడ్జీలనీ. మాస్టారయ్యే రాత తనకి లేదు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, నలభై మూడేళ్ళ వయసులో నిబంధనల పుస్తకం ముందేసుకుని వంటింట్లో బట్టీపట్టాడు. పరీక్ష పాసయ్యాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లబూట్లు. ఆర్జీయా ఆ ప్యాంటు ఇస్త్రీ చేస్తూ, "పెళ్ళినాడు కూడా ఇంత తెల్లగా లేడు," అని పక్కింటావిడకి చెప్పుకుంది.

మలుపుగోడ దగ్గర కుంటికాలితో నిలబడి, నడుం వంచి, కూతురు తన పాదాల దగ్గర గోడ తాకి తిరగడం చూసేవాడు దుయీలియో. ఆ అయిదారేళ్ళూ బహుశా అతని జీవితంలో అన్నిటికన్నా సుఖమైన రోజులు. ఫోస్కాకి కూడా. తల ఎత్తితే నాన్న తెల్లబూట్లు కనబడేవి. ఎనభై ఒకటిలో ఆమె మొదటిసారి దేశానికి ఛాంపియన్ అయింది, మరుసటేడు రెండోసారి.

ఎనభై నాలుగు ఏప్రిల్‌లో ఒలింపిక్స్‌కి జట్టుని ఎంచే పోటీ మా ఊరి కొలనులోనే పెట్టారు. ఒకటే పోటీ, ఒకటే అవకాశం. రెండు వందల మీటర్ల కప్ప ఈతలో మొదటి స్థానం రావాలి, రెండు నిమిషాల ముప్ఫై ఆరు సెకన్ల లోపు రావాలి. వస్తే ఒలింపిక్స్. దాంతోపాటు పోలీసుల్లోనో సైన్యంలోనో యూనిఫాం క్రీడాదళంలో ఉద్యోగం, బతికినంతకాలం జీతం, ఆపైన పింఛను. మూడు తరాలుగా బస్తాలు మోసిన ఇంట్లో ఆ మాట విలువెంతో చెప్పక్కర్లేదు. ఫోస్కాకి అప్పటికి ఇరవై ఏళ్ళు.

జడ్జీలకి లేన్లు పొద్దున్నే చీట్లు తీసి పంచారు. దుయీలియోకి మలుపుగోడ దగ్గర నాలుగో లేన్ వచ్చింది. సాయంత్రం ఫైనల్స్ జాబితా వేస్తే నాలుగో లేన్ ఫోస్కాది. దుయీలియో పెద్దజడ్జి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, నాలుగులో ఈదేది నా కూతురు. నన్ను ఇంకో చోటికి మార్చండి."

"ఎక్కడికి మార్చను?" అన్నాడాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "అయిదులో నిలబడ్డవాడి మేనకోడలు అయిదులోనే ఈదుతోంది. రెండులో ఉన్నాయన అక్కడ ఈదే పిల్ల మాస్టారికి సొంత బావమరిది. ఈ దేశంలో చుట్టరికం లేని జడ్జి కావాలంటే స్విట్జర్లాండ్ నించి తెప్పించాలి. వెళ్ళి నిలబడవయ్యా."

వెళ్ళి నిలబడ్డాడు. గ్యాలరీలో రేవు కూలీలు ఎనభై మంది దాకా ఉన్నారు. ఆర్జీయా దుకాణం మూయించి మరీ వచ్చింది.

మొదటి మలుపు బాగానే అయింది. వంద మీటర్ల దగ్గర ఫోస్కా సగం ఒళ్ళు ముందుంది. నూట యాభై దగ్గరికొచ్చేసరికి అయిదో లేన్ పిల్ల ఆమెని అందుకుంది. ఇద్దరూ ఒక్కసారే మలుపుగోడ దగ్గరికి వచ్చారు, నురగ లేచింది, ఇద్దరూ తిరిగారు. తిరిగాక చూస్తే ఫోస్కా మళ్ళీ ఒక చెయ్యి పొడుగు ముందుంది. ఆ ముందంజ అలాగే నిలబెట్టుకుని చివరి గోడని రెండు చేతులా చరిచింది. గడియారం వైపు చూసింది. రెండు నిమిషాల ముప్ఫై అయిదు పాయింట్ నాలుగు సెకన్లు.

గ్యాలరీలో చప్పుడు లేదు. ఫోస్కాకి అర్థం కాలేదు. కళ్ళద్దాలు పైకి తోసి అవతలి గట్టు వైపు చూసింది. యాభై మీటర్ల దూరంలో తెల్లబట్టల్లో నాన్న, చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. తనకే ఊపుతున్నాడనుకుంది. నవ్వుతూ తనూ చెయ్యెత్తి ఊపింది.

మా ఊళ్ళో దేనికైనా నవ్వుతారు గాని, ఆ చెయ్యి ఊపడం గురించి మాత్రం ఇప్పటికీ ఎవరూ నవ్వరు.

ఆ నిశ్శబ్దంలో ఆర్జీయా గొంతు ఒక్కటే లేచింది. "చెయ్యి దించవయ్యా! అది నీ కూతురయ్యా, దించు!"

బలెస్త్రీ మాస్టారు పరిగెత్తుకెళ్ళి ఫిర్యాదు చేశాడు. పెద్దజడ్జి దుయీలియోని పిలిపించాడు. తువ్వాలు కప్పుకుని ఫోస్కా పక్కనే నిలబడింది, కాళ్ళ కింద నీళ్ళు మడుగు కడుతున్నాయి.

"నూట యాభై మలుపు దగ్గర ఏం చూశావు?"

"కుడిచెయ్యి తాకింది. ఎడమది తాకలేదు."

"బాగా చూశావా? అనుమానం ఏమన్నా ఉందా?"

"లేదు," అన్నాడు దుయీలియో.

"రెండు చేతులూ తాకాయి నాన్నా," అంది ఫోస్కా. ఆమె వేళ్ళకి గోడ స్పర్శ ఇంకా తెలుస్తూనే ఉంది, రెండు చేతుల వేళ్ళకీ. తండ్రి ఆమె వైపు చూడలేదు. పెద్దజడ్జి కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ వారమే ఫోస్కా పిన్నిగారింటికి మారిపోయింది. ఆర్జీయా మొగుణ్ణి వదిలి వెళ్ళలేదు గాని, "ఎత్తావుగా, ఆ చేత్తోనే వండుకు తిను," అని నలభై రోజులు పొయ్యి వెలిగించలేదు. దుకాణంలో తను తినేసి వచ్చేది. ఆయన రొట్టె, ఉల్లిపాయ, చల్లటి పాలకూరతో కాలక్షేపం చేశాడు.

ఇక ఊరు చేసింది చెప్పాలంటే ఒక రోజు చాలదు. దుయీలియో బార్‌లోకి అడుగుపెడితే కాఫీ తాగుతున్నవాళ్ళందరూ ఒక్కసారి కుడిచేతులు పైకెత్తేవాళ్ళు. మంగలి, "తల కొంచెం వంచు దుయీలియో, చెయ్యి మాత్రం దించే ఉంచు," అనేవాడు. బస్సు ఆపడానికి చెయ్యెత్తితే డ్రైవరు తలుపు తీసి, "ఇవాళ ఎవర్ని తప్పిస్తున్నావు మావా?" అని అడిగేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, ఈ కాకి తన పిల్లనే పొడుచుకుందని చేపల బజారులో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. దుయీలియో ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు, కోప్పడలేదు. కాఫీ తాగి డబ్బులిచ్చి కుంటుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఒలింపిక్స్‌కి రెండో స్థానంలో వచ్చిన పిల్ల వెళ్ళింది. యూనిఫాం ఉద్యోగం కూడా ఆమెకే వచ్చింది.

ఫోస్కా కసిగా ఈదింది. ఎనభై అయిదులో గెలిచింది, ఎనభై ఆరులో గెలిచింది. గోడని తాకడం కాదు, కొట్టేది. ఒకసారి మలుపు దగ్గర ఎంత గట్టిగా చరిచిందంటే ఎడం చూపుడువేలు విరిగింది, విరిగిన వేలితోనే మిగిలిన వంద మీటర్లూ ఈదింది. "చూడండి, చూడండి, రెండు!" అని లోకానికంతా చెప్పాలనుకునేది. ఆ లోకమంటే ఒక్క మనిషే. తండ్రి నిలబడే పోటీలైతే మాత్రం వేరే ఊరి పోటీలు చూసుకునేది. తరవాతి ఒలింపిక్స్ నాటికి ఇరవై నాలుగేళ్ళు, కాలం మూడు సెకన్లు ఎక్కువ వచ్చింది. టోపీ విప్పేసి మునిసిపల్ కొలనులో ఈత నేర్పే పనిలో చేరింది. పొద్దున పిల్లలు, మధ్యాహ్నం నడుములు పట్టేసిన ముసలమ్మలు. జీతం అంతంతమాత్రం. పిల్లలకి నేర్పే మొదటి పాఠం మాత్రం ఆమెని చూసి నవ్వుకునేవాళ్ళకి కూడా తెలుసు. రెండు చేతులు.

ఏడేళ్ళు తండ్రితో మాట్లాడలేదు. తొంభై ఒకటిలో ఆర్జీయాకి పిత్తాశయంలో రాళ్ళు తీశారు. ఆస్పత్రి వరండాలో బల్లకి ఆ చివర తండ్రి, ఈ చివర కూతురు, మూడు గంటలు కూర్చున్నారు. చివరికి దుయీలియో లేచి, "కాఫీ తాగుతావా?" అన్నాడు. "తాగుతా," అంది ఫోస్కా. అంతే, సంధి అయిపోయింది. మా వాళ్ళకి కాఫీ ఇచ్చి పుచ్చుకున్నాక పగ కొనసాగించడం మర్యాద కాదు.

ఆ తరవాత అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఇంటి అద్దె, ఫుట్‌బాల్, చేపల ధర, ఆర్జీయా కొలెస్ట్రాల్. అది మాత్రం మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఫోస్కా మనసులో ప్రశ్న ఒకటే. నాన్న నిజంగా చూశాడా? చూస్తే, తను రెండు చేతులా తాకిన గోడ సంగతేమిటి? చూడకపోతే, కన్నతండ్రి కూతురి బతుకు మీద అబద్ధం ఎందుకు చెప్పాడు? ఇందులో ఏది నిజమైనా ఆమెకి మింగుడుపడేది కాదు. అడిగితే తేలిపోతుందని తెలుసు, అందుకే అడగలేదు.

ఆమె పెళ్ళాడింది ఆ బస్సు డ్రైవరునే. సౌరో అని, మావగారు చెయ్యెత్తినప్పుడల్లా ఏడిపించినవాడే. మా ఊళ్ళో సంబంధాలు ఇలాగే కుదురుతాయి. మునిసిపల్ ఆఫీసులో పెళ్ళి, తరవాత రేవు కూలీల సంఘం హాల్లో విందు, చేపల పులుసు. అందరూ వైన్ గ్లాసులు ఎత్తుతుంటే ఎవరో తాగినవాడు, "దుయీలియో, నువ్వు మాత్రం ఎత్తకురోయ్, పెళ్ళి రద్దవుతుంది!" అని అరిచాడు. హాలు హాలంతా గొల్లుమంది. దుయీలియో గ్లాసు బల్లమీద పెట్టి మెల్లగా లేచి బయట అరుగు మీదికి వెళ్ళిపోయాడు. ఫోస్కా చూసింది. వెనకే వెళ్ళి పిలుచుకు రావలసింది. వెళ్ళలేదు. పెళ్ళికూతురి బట్టల్లో కూర్చుని పులుసు తిన్నది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, తలుచుకున్నప్పుడల్లా సిగ్గుపడేది.

అలా ముప్ఫై అయిదేళ్ళు గడిచాయి. రెండువేల పంతొమ్మిది ఏప్రిల్ చివరి ఆదివారం, మునిసిపల్ కొలనులో పెద్దవయసు వాళ్ళ పోటీలు. యాభై అయిదు దాటినవాళ్ళ కప్ప ఈత. తను నడుములు వంచడం నేర్పిన ముసలమ్మలందరూ పట్టుబట్టి బలవంతపెడితే ఫోస్కా దిగింది. పక్క లేన్‌లో పీసా నించి వచ్చిన ఒక పళ్ళడాక్టరు, యాభై ఆరేళ్ళావిడ, బాగా ఈదుతోంది. వయసు పెరిగితే పోటీ తగ్గుతుందని ఎవరన్నారో గాని వాళ్ళు ఎన్నడూ నీళ్ళలో దిగి ఉండరు. చివరి మలుపు దగ్గరికి ఇద్దరూ సమంగా వచ్చారు. ఫోస్కాకి ఊపిరి అందడం లేదు. గోడ వచ్చింది.

అప్పుడు ఆమె తన ఎడంచెయ్యిని చూసింది. కుడిచెయ్యి గోడమీద ఉంది, ఒళ్ళు అప్పటికే పక్కకి తిరిగింది, ఎడంచెయ్యి గోడకి జానెడు ఇవతలే ఆగి వెనక్కి మళ్ళింది. ఇరవై ఏళ్ళప్పుడైతే ఇదంతా రెప్పపాటులో జరిగిపోయేది. యాభై అయిదేళ్ళకి నింపాదిగా కళ్ళముందే జరిగింది. అంతకన్నా విచిత్రం, తిరిగి గోడని తన్నినప్పుడు ఆమె వేళ్ళకి గోడ స్పర్శ తెలిసింది. రెండు చేతుల వేళ్ళకీ.

మిగిలిన యాభై మీటర్లూ ఎలా ఈదిందో ఆమెకే తెలియదు. గెలిచింది. ముసలమ్మలు ఈలలు వేశారు. ఫోస్కా గట్టెక్కి, తువ్వాలు కూడా తీసుకోకుండా తిన్నగా మలుపుగోడ దగ్గర జడ్జి దగ్గరికి నడిచింది. ఆయన లెయార్కో, వీధి చివర మందులషాపు ఆయన.

"లెయార్కో, నా ఎడంచెయ్యి తాకిందా?"

"తాకింది... తాకినట్టే ఉంది."

"తాకలేదు. నువ్వు చూశావు."

లెయార్కో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూశాననే అనుకో. ఈ ఊళ్ళో నీమీద చెయ్యెత్తి నేను బతకాలా? రేపటినించి నా షాపుకి దగ్గుమందుకి కూడా ఎవరూ రారు. మీ నాన్న గతి చూడలేదా తల్లీ? వెళ్ళి పతకం తీసుకో, నా మాట విను."

"చెయ్యెత్తు లెయార్కో," అంది ఫోస్కా. ఎత్తేదాకా కదల్లేదు.

బట్టలు మార్చుకుని, తల ఆరబెట్టుకోకుండానే తల్లిదండ్రుల ఇంటికి నడిచింది. తలుపు తీసిన ఆర్జీయా గుండె బాదుకుంది. "తడితల! మెడ పట్టేస్తుందే! యాభై అయిదేళ్ళొచ్చాయి, నీకు బుద్ధెప్పుడొస్తుంది?"

"నాన్నేడీ?"

"బాల్కనీలో. పచ్చి చిక్కుడు వలుస్తున్నాడు, వలిచిందానికన్నా తిన్నదే ఎక్కువ."

దుయీలియోకి ఎనభై నాలుగేళ్ళు. ఒళ్ళో పళ్ళెం, పచ్చిగింజలతో నంజుకోవడానికి పక్కన జున్నుముక్క. ఫోస్కా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. దారిపొడుగునా మాటలు పేర్చుకుంది గాని, కూర్చున్నాక ఒకటే వచ్చింది.

"నాన్నా, ఆ రోజు నువ్వు సరిగ్గానే చూశావు."

ఏ రోజని ఆయన అడగలేదు. చేతిలో కాయ అలాగే ఆగింది. ఫోస్కా ఇవాళ జరిగింది చెప్పింది. ఒళ్ళు పక్కకి తిరగడం, చెయ్యి జానెడు దూరంలో ఆగడం, తాకకపోయినా తాకినట్టు వేళ్ళకి తెలియడం. ఆయన మొహం వెలుగుతుందనుకుంది. ముప్ఫై అయిదేళ్ళ నింద తీరిపోతుంటే ఎవరి మొహమైనా వెలగాలి కదా. దుయీలియో మొహం మాత్రం తెల్లబడింది.

"నేను చూళ్ళేదే," అన్నాడు.

"ఏంటి?"

"ఎడంచెయ్యి తాకలేదని చూళ్ళేదు. ఎడంచెయ్యే చూళ్ళేదు. ఇద్దరొక్కసారే వచ్చారు, నురగ లేచింది. నీ కుడిచెయ్యి కనబడింది, రెండోది కనబడలేదు. కనబడకపోవడం వేరు, తాకకపోవడం వేరు. పుస్తకంలో రాసే ఉంది, వంటింట్లో కూర్చుని బట్టీపట్టాను. అనుమానం వస్తే ఈదేవాళ్ళ పక్షమే ఉండాలి."

"అనుమానం లేదన్నావు కదా. నా ఎదురుగానే అన్నావు."

"అన్నాను."

"ఎందుకన్నావు?"

దుయీలియో గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపాడు. "రేవు వాళ్ళు ఎనభై మంది పైన కూర్చున్నారు. ఎత్తకపోతే కూతుర్ని కాపాడుకున్నాడంటారని భయమేసింది. అయిదో లేన్ పిల్లయితే నేను ఎత్తేవాణ్ణి కాదు ఫోస్కా. నువ్వు నా కూతురివి కాబట్టి ఎత్తాను. తరవాత పదకొండేళ్ళు గట్టుమీద నిలబడ్డాను. ఒక్కరి మీద, ఒక్కసారి ఎత్తలేదు. నాకా హక్కు లేదనిపించేది."

ఫోస్కా లేచి నిలబడింది. ఒళ్ళంతా మండిపోయింది. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి, అడగవలసింది తను కాదని ఇప్పుడు తెలుసుకుంది. ఊరి నోటికి జడిసి లెయార్కో చెయ్యి ఎత్తలేదు. అదే నోటికి జడిసి ఈయన ఎత్తాడు. మధ్యలో పోయింది తన ఒలింపిక్స్, తన ఉద్యోగం, ఈయనతో ఏడేళ్ళు, ఆపైన మిగిలినదంతా. అరవాలనిపించింది. ఈయన మీద అరిచే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే తనకే ఉంది.

"అమ్మాయ్," అన్నాడు దుయీలియో. "నిజంగా తాకలేదా? ఆ రోజు? నీకు బాగా తెలుసా?"

పళ్ళెం ఒళ్ళోంచి జారిపోతున్నా ఆయనకి తెలియడం లేదు. తీర్పు కోసం నిలబడ్డ మనిషిలా ఆమె నోటివైపే చూస్తున్నాడు. ఫోస్కా ఆలోచించింది. ఇవాళ్టి చెయ్యి తెలుసు. ఆ రోజు చెయ్యి సంగతి, నిజం చెప్పాలంటే, ఎవరికి తెలుసు? అలాగే అయ్యుంటుంది, నూటికి తొంభై పాళ్ళు. మిగిలిన పది పాళ్ళలో ఏముందో ఆ గోడకే తెలియాలి. ఈ మనిషి ఒకనాడు తనకి ఆ పది పాళ్ళూ ఇవ్వలేదు.

"తాకలేదు నాన్నా," అంది. "నాకు బాగా తెలుసు."

"అనుమానం ఏమన్నా ఉందా?"

"లేదు."

దుయీలియో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి, చప్పుడు మాత్రం రాలేదు. ఫోస్కా జారుతున్న పళ్ళెం అందుకుని గట్టుమీద పెట్టి, ఆయన తేరుకునేదాకా పక్కనే నిలబడింది. లోపల ఆర్జీయా గిన్నెలు కొడుతోంది.

"అయితే జడ్జిగా నేను తప్పు చెయ్యలేదంటావు," అన్నాడు కాసేపటికి, కళ్ళు తుడుచుకుంటూ.

"జడ్జిగా నీకు వంక పెట్టను."

"తండ్రిగా?"

ఫోస్కా ఆయన చంక కింద చెయ్యేసి లేవదీసింది. ఈ మధ్య బాగా తేలికైపోయాడు.

"దానికి ఇంకా టైమ్ పడుతుంది," అంది. "భోజనానికి పద, లేకపోతే అమ్మ మనిద్దరికీ వడ్డించదు."